మౌస్ గెంతడం, మైకు చిటపటలాడటం, కెమెరా బిగుసుకుపోవడం: మూడింటికీ మూల కారణం ఒకటే కానక్కరలేదు

మీరు చెప్పినదాన్ని బట్టి పరిస్థితి ఇది. రైజెన్ 5 5600 ప్రాసెసరు, బీ550 మదర్‌బోర్డుతో అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్‌లో విండోస్ 11 మీద మీరు పాఠాలు రికార్డు చేస్తున్నారు. రికార్డింగ్ మధ్యలో వైర్‌లెస్ మౌస్ కర్సర్ ఆగి ఆగి గెంతుతోంది, మైకును కంప్యూటరుకు కలిపే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా వచ్చే గొంతులో చిటపటలు పడుతున్నాయి, వెబ్‌క్యామ్ బొమ్మ రెండు మూడు సెకన్లు బిగుసుకుపోతోంది. ఇప్పటికే రెండుసార్లు ఫార్మాట్ చేశారు, మౌస్ మార్చారు, నీలం పోర్టుల హబ్బు ఒకటి కొన్నారు. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు అదే హబ్బులో ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తోంది కాబట్టి పోర్టులు మంచివేనని, లోపం డ్రైవర్లలోనే ఉందని మీ అభిప్రాయం.

ఆ చివరి మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. హార్డ్ డిస్కు బాగా పనిచేయడం ఆ దారి బాగుందనడానికి సాక్ష్యం కాదు. డిస్కుకు వెళ్లే డేటాలో ఒక ప్యాకెట్ చెడిపోతే కంప్యూటరు దాన్ని గుర్తించి, మళ్లీ పంపుతుంది. కాపీ కాస్త నెమ్మదిస్తుందేమో గాని మీకు తెలియను కూడా తెలియదు. ఆడియో ఇంటర్‌ఫేస్, వెబ్‌క్యామ్ వాడే పద్ధతి వేరు. వాటికి ప్రతి మిల్లీసెకనులో, లేదా హై స్పీడ్ పరికరమైతే 125 మైక్రోసెకన్లకు ఒకసారి, కొంత సమయం ముందే కేటాయించి ఉంటుంది; ఆ సమయంలో వచ్చిన ప్యాకెట్ చెడితే మళ్లీ అడగడమంటూ లేదు, ఎందుకంటే ఆలస్యంగా వచ్చిన శబ్దంతో ఎవరికీ పని లేదు. పోయిన ముక్క పోయినట్టే, అదే మీకు చిటపటగా వినపడుతుంది. కాబట్టి ఒక నాసి కేబుల్ డిస్కుకు సరిపోతూనే మైకును పాడుచేయగలదు. పెన్‌డ్రైవ్ పెట్టి చూసి పోర్టు మంచిదని తేల్చేసి, ఆ తరువాత వారం రోజులు డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చున్నవారిని నేను చాలామందినే చూశాను. మొదట్లో నేనూ అదే చేశాను.

ఏ స్క్రూ విప్పకముందే, ఏ సెట్టింగూ మార్చకముందే, ఒక అరగంట గమనించాల్సినవి ఉన్నాయి. తడబాటు వచ్చిన ప్రతిసారీ పరికరం ఊడి మళ్లీ పెట్టినప్పుడు విండోస్ చేసే ఆ రెండు స్వరాల శబ్దం వినపడుతోందా? స్పీకర్ల శబ్దం తగ్గించుకుని ఉంటే కాసేపు పెంచుకుని చూడండి. శబ్దం వస్తే పరికరం నిజంగానే తెగిపోయి మళ్లీ కలుస్తోందన్నమాట. అప్పుడు కరెంటు, కేబుల్, పోర్టు, బయోస్ (మదర్‌బోర్డు చిప్పులో ఉండి యంత్రాన్ని మొదలుపెట్టే ప్రోగ్రాము) వైపు చూడాలి. శబ్దం రాకుండా తడబాటు మాత్రమే వస్తుంటే సంబంధం తెగలేదు, డేటా ఆలస్యమవుతోంది లేదా చెడుతోంది. రెండో గమనిక: తడబడిన క్షణంలో యూఎస్‌బీతో సంబంధం లేనివి కూడా ఆగుతున్నాయా? తెర మీద నడుస్తున్న వీడియో, గడియారంలోని సెకన్ల అంకె, మదర్‌బోర్డు వెనక పచ్చ రంగు జాక్ నుంచి వచ్చే పాట, ఇవి కూడా అదే క్షణంలో ఆగిపోతే మీ సమస్య యూఎస్‌బీది కానే కాదు, మొత్తం యంత్రానిది.

మీ ప్రాసెసరు తరానికి ఆ రెండో రకం జబ్బు బాగా తెలిసినదే. ప్రాసెసరులోనే ఉండే భద్రతా భాగం, అంటే విండోస్ 11 అడిగే ఎఫ్‌టీపీఎం, అప్పుడప్పుడూ మదర్‌బోర్డు మీది బయోస్ చిప్పుతో సుదీర్ఘమైన లావాదేవీ జరపడం వల్ల యంత్రం మొత్తం తాత్కాలికంగా స్తంభిస్తోందని ఏఎండీ 2022 మార్చిలో ప్రకటించింది. దానికి విరుగుడు ఏజీసా (బయోస్ కోసం ఏఎండీ బోర్డు తయారీదారులకు ఇచ్చే మూల కోడ్) 1.2.0.7 ఆధారంగా వచ్చిన బయోస్‌లలో ఉంది. దానికి ఏడాది ముందు, 2021 ఫిబ్రవరిలో, 500 సిరీస్ చిప్‌సెట్ బోర్డుల మీద యూఎస్‌బీ పరికరాలు మధ్యమధ్య తెగిపోవడం, యూఎస్‌బీ 2.0 ఆడియోలో చిటపటలు రావడం గురించి కూడా అదే సంస్థ పరిశీలిస్తున్నామని చెప్పి, ఏజీసా 1.2.0.2లో సవరణ ఇచ్చింది. మీ బోర్డు బీ550. మీరు రెండుసార్లు విండోస్ కొత్తగా వేశారు గాని బయోస్ వెర్షన్ గురించి ఒక్క మాటా చెప్పలేదు; అసెంబుల్ చేసి ఇచ్చిన రోజున ఉన్నదే ఇంకా ఉండి ఉంటుందని నా అనుమానం. ఫార్మాట్ ఎన్నిసార్లు చేసినా బయోస్ మారదు.

ఎంఎస్‌ఇన్‌ఫో32 అని రన్ చేస్తే బయోస్ వెర్షన్, తేదీ కనిపిస్తాయి. బోర్డు తయారీదారు సైటులో మీ మోడల్ పేజీ తెరిచి, ఆ వెర్షన్ పక్కన రాసిన ఏజీసా సంఖ్యను చూడండి. అది 1.2.0.7 కంటే పాతదై, యంత్రం మొత్తం ఆగుతుంటే, మిగతా ప్రయత్నాలన్నిటికంటే ముందు బయోస్ అప్‌డేట్ చేయడమే పని. యూపీఎస్ లేకుండా, కరెంటు వస్తూ పోతూ ఉండే వేళ బయోస్ అప్‌డేట్ జోలికి పోవద్దు. డ్రైవుకు బిట్‌లాకర్ (డేటాకు విండోస్ వేసే తాళం) ఉంటే ముందుగా దాన్ని సస్పెండ్ చేసి, రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోండి; అప్‌డేట్ తరువాత విండోస్ ఆ 48 అంకెల కీ అడిగితే అప్పుడు వెతుక్కోవడం నరకం.

యంత్రం మొత్తం ఆగడం లేదు, కానీ శబ్దం మాత్రం చెడుతోంది అనుకుందాం. ఆడియో ఇంటర్‌ఫేస్ కంట్రోల్ ప్యానెల్‌లో బఫర్ సైజును (శబ్దాన్ని కాసేపు నిల్వ ఉంచే చోటు) ఇప్పుడున్న దాని నుంచి 512 శాంపిళ్లకు పెంచండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్లంటే దాదాపు 2.7 మిల్లీసెకన్లు, 512 అంటే 10.7 మిల్లీసెకన్లు. పెంచగానే చిటపటలు పోతే, లేదా బాగా తగ్గితే, దారి బాగానే ఉంది, లోపల ఏదో డ్రైవరు ప్రాసెసరును ఎక్కువసేపు పట్టుకుని కూర్చుంటోంది. పెంచినా ఏమీ తేడా లేకపోతే డేటా దారిలోనే చెడుతోంది. ఇంత చవకైన పరీక్ష మరొకటి నాకు తెలియదు. పాఠం రికార్డింగ్‌లో మీ గొంతును మీరే హెడ్‌ఫోన్‌లో కంప్యూటరు ద్వారా వినాల్సిన అవసరం లేదు కాబట్టి, ఆ 10 మిల్లీసెకన్ల ఆలస్యంతో మీకు నష్టం లేదు. పెంచి అలాగే వదిలేయవచ్చు.

డ్రైవరు వైపు అనుమానం ఉంటే లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రాము నడిపి, మామూలుగా రికార్డింగ్ చేసే పనంతా పదిహేను ఇరవై నిమిషాలు చేయండి. ఏ డ్రైవరు ప్రాసెసరును ఎంతసేపు పట్టి ఉంచిందో ఫైలు పేరుతో సహా చూపిస్తుంది. అందులో ఎన్‌డిఐఎస్ అనే పేరు పైన ఉంటే వైఫై లేదా లాన్ డ్రైవరు వైపు చూడాలి. రికార్డింగ్ సమయంలో వైఫై ఆపి చూస్తే అది తేలిపోతుంది. ఎన్‌వీఎల్‌డీడీఎంకేఎం అని ఉంటే ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవరు. ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ ప్రోగ్రాము ఎర్ర అక్షరాల్లో ఏదో ఒకటి చెప్పిందంటే భయపడిపోయి కనిపించిన సర్వీసులన్నీ ఆపేయకండి. ఏ ఇబ్బందీ లేని కంప్యూటర్లలో కూడా ఒక్కోసారి ఎర్ర గీతలు వస్తాయి. చిటపట వినపడిన క్షణమూ, గీత పైకి లేచిన క్షణమూ ఒకటేనా అన్నదే చూడాలి.

ఇప్పుడు మీ నీలం హబ్బు సంగతి. యూఎస్‌బీ 3 హబ్బు అనేది లోపల నిజానికి రెండు హబ్బులు: ఒకటి 5 జీబీపీఎస్ దారికి, మరొకటి పాత యూఎస్‌బీ 2.0 దారికి. మీ వెబ్‌క్యామ్, ఆడియో ఇంటర్‌ఫేస్, మౌస్ రిసీవరు ఈ మూడూ సాధారణంగా యూఎస్‌బీ 2.0 పరికరాలే కాబట్టి, వాటిని నీలం పోర్టులో పెట్టినా నల్ల పోర్టులో పెట్టినా అవి ఆ హబ్బు నుంచి కంప్యూటరుకు వెళ్లే ఒకే ఒక్క 480 ఎంబీపీఎస్ దారినే పంచుకుంటాయి. నీలం రంగు వాటికి అదనంగా ఇచ్చిందేమీ లేదు.

వెబ్‌క్యామ్ ఆకలి ఎంతో లెక్క వేసి చూస్తే ఇది అర్థమవుతుంది. కుదించని బొమ్మ అయితే, ఒక్కో చుక్కకు 16 బిట్ల చొప్పున, 1920×1080 సైజు, సెకనుకు 30 ఫ్రేములంటే దాదాపు 995 ఎంబీపీఎస్ కావాలి. దారి మొత్తమే 480. యూఎస్‌బీ 2.0లో సమయం కేటాయించి పంపే ఒక్క ప్రవాహానికి దొరికే గరిష్ఠం 196 ఎంబీపీఎస్. అందుకే కెమెరాలు బొమ్మను కుదించి పంపుతాయి. కానీ రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీడియో ఫార్మాట్ పొరపాటున వైయూవై2 (కుదించని బొమ్మ) అని ఎంచుకుని ఉంటే, కెమెరా ఫ్రేముల సంఖ్యను చాలా తగ్గించేస్తుంది, లేదా దారిలో తనకు వీలైనంత పెద్ద భాగం అడిగేస్తుంది. ఓబీఎస్ అనే రికార్డింగ్ ప్రోగ్రాము వాడేవారు వీడియో క్యాప్చర్ డివైస్ ప్రాపర్టీస్‌లో ఫార్మాట్‌ను, బొమ్మను కుదించి పంపే ఎంజేపెగ్‌గా మార్చి చూడండి. దానితో పోలిస్తే 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, స్టీరియో శబ్దానికి కావలసింది కేవలం 2.3 ఎంబీపీఎస్. అంటే మైకు అడిగేది గ్లాసెడు, కెమెరా అడిగేది బిందెడు; ఒకే కుళాయి దగ్గర ఇద్దరినీ నిలబెట్టకూడదు.

డివైస్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో డివైసెస్ బై కనెక్షన్ ఎంచుకుంటే ఏ పరికరం ఏ కంట్రోలరు కింద, ఏ హబ్బు కింద ఉందో చెట్టులా కనిపిస్తుంది. రైజెన్ బోర్డుల్లో కొన్ని పోర్టులు నేరుగా ప్రాసెసరు నుంచి, మిగతావి చిప్‌సెట్ నుంచి వస్తాయి కాబట్టి, సాధారణంగా హోస్ట్ కంట్రోలరు అని రాసి ఉన్న కొమ్మలు రెండు కనిపిస్తాయి. ఆడియో ఇంటర్‌ఫేస్‌ను క్యాబినెట్ వెనక పోర్టులో, హబ్బు లేకుండా, ఒక కొమ్మ మీద పెట్టండి. కెమెరాను రెండో కొమ్మ మీద పెట్టండి. ముందు పోర్టులను నేను ఇలాంటి పరికరాలకు వాడను. మదర్‌బోర్డు నుంచి క్యాబినెట్ ముందు భాగం దాకా పాకే ఆ సన్నని కేబుల్ గ్రాఫిక్స్ కార్డు పక్కనుంచి, ఫ్యాన్ల పక్కనుంచి వెళుతుంది, చవక క్యాబినెట్లలో దాని తొడుగు నామమాత్రంగా ఉంటుంది. మీ హబ్బు తగిలించింది కూడా ముందు పోర్టుకే అని రాశారు. అంటే మూడు సున్నితమైన పరికరాలు, ఒక డిస్కు, అన్నీ కలిసి ఆ సన్నని కేబుల్ మీదే వేలాడుతున్నాయి.

మౌస్ గెంతడం గురించి వేరుగా చెప్పాలి, ఎందుకంటే దాని కారణం తక్కిన రెండిటికంటే భిన్నమైనదని దాదాపు నిశ్చయంగా అనగలను. యూఎస్‌బీ 3 దారిలో పరుగెత్తే 5 జీబీపీఎస్ డేటా నుంచి వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతాన్ని కూడా కమ్ముకుంటుంది; వైర్‌లెస్ మౌస్, బ్లూటూత్, వైఫైలోని పాత బ్యాండు అన్నీ ఉండేది అక్కడే. ఇంటెల్ 2012లో దీని గురించి ఒక శ్వేతపత్రమే ప్రచురించి, రిసీవరును యూఎస్‌బీ 3 పరికరానికి దూరంగా ఉంచమని సూచించింది. మీ హబ్బులో మౌస్ రిసీవరు, హార్డ్ డిస్కు ప్లగ్గు పక్కపక్కనే, వేలెడు దూరంలో ఉన్నాయి. రెండో మౌస్ కొన్నా ఫలితం లేకపోయిందంటే ఆశ్చర్యం లేదు. కొత్త రిసీవరు కూడా అదే రొదలో కూర్చుంది.

దీన్ని అయిదు నిమిషాల్లో పరీక్షించవచ్చు. డిస్కులోకి పెద్ద ఫైలు ఒకటి కాపీ పెట్టి, పెయింట్ తెరిచి మౌస్‌తో నెమ్మదిగా గుండ్రటి సున్నాలు గీయండి. రొద తగిలిన చోట వంపు పోయి, గీత చదునైన ముక్కలుగా, మూలలు తేలి కనిపిస్తుంది. ఇప్పుడు కాపీ నడుస్తుండగానే రిసీవరును తీసి, మీటరు పొడవు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ చివర పెట్టి, మౌస్ ప్యాడ్ పక్కన ఉంచి మళ్లీ గీయండి. గీత నున్నగా వస్తే మీ మౌస్ సమస్య అక్కడితో తీరింది. కొందరు పెద్దవాళ్లు ఎక్స్‌టెన్షన్ వేస్తే సిగ్నలు బలహీనపడుతుందని అంటారు. మీటరు కేబుల్‌కు అలాంటి భయమేమీ అక్కరలేదు.

గేమింగ్ మౌస్ అయితే మరొక చిన్న విషయం. సెకనుకు 8000 సార్లు రిపోర్టు పంపే మౌస్‌లు ప్రాసెసరు మీద అనవసర భారం వేస్తాయి. పాఠాలు చెప్పడానికి 500 చాలు.

పవర్ ఆప్షన్స్‌లోని సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయమని మీకు ఇప్పటికే నలుగురు చెప్పి ఉంటారు. ఆపినందువల్ల డెస్క్‌టాప్‌కు నష్టం లేదు, ఆపండి. అయితే అది పనిలేక నిద్రపోయిన పరికరాన్ని లేపడంలో వచ్చే ఆలస్యానికి మందు. కాసేపు వదిలేసి మళ్లీ ముట్టుకున్నప్పుడు మొదటి కదలిక పోతుంటే అది పనిచేస్తుంది. మీకు ఎడతెగకుండా మాట్లాడుతుండగా, కెమెరా నడుస్తుండగా ఇబ్బంది వస్తోంది కాబట్టి దాని మీద నేను పెద్దగా ఆశ పెట్టుకోను.

పరికరం తెగిన శబ్దం వినపడుతుంటే మాత్రం కరెంటు సంగతి చూడాలి. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వగలిగింది 500 మిల్లీయాంపియర్లు, యూఎస్‌బీ 3 పోర్టు 900. సొంత అడాప్టరు లేని హబ్బులో తిరిగే హార్డ్ డిస్కు, కెమెరా, మైకుకు కరెంటు ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆన్ చేసిన ఆడియో ఇంటర్‌ఫేస్ కలిస్తే ఆ 900 చాలదు. డిస్కు తిరగడం మొదలుపెట్టిన క్షణంలోనే మిగతావి తడబడుతుంటే కారణం ఇదే. డిస్కును వెనక పోర్టుకు మార్చండి, లేదా అడాప్టరు ఉన్న హబ్బు వాడండి.

దీనితో పాటు ఎర్తింగ్. కొన్నేళ్ల క్రితం ఒక పట్టణంలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే ఆయన దగ్గర ఇలాంటి తగువే వచ్చింది. ఆయన కుర్చీలోంచి లేచినప్పుడల్లా మౌస్, పెన్ ట్యాబ్లెట్ రెండూ తెగి కలుస్తున్న శబ్దం వచ్చేది. మౌస్, ట్యాబ్లెట్, చివరికి మదర్‌బోర్డు కూడా మార్పించుకున్నారు. నేను వెళ్లి క్యాబినెట్ మీద చేయి వేస్తే సన్నగా జివ్వుమంది. టెస్టరు పెడితే వెలిగింది. కంప్యూటరు తగిలించిన ఎక్స్‌టెన్షన్ బాక్సు విప్పి చూస్తే మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు వైరు బిగించనే లేదు, వెనక్కి మడిచి టేపు చుట్టి ఉంది. ఎర్తు లేనప్పుడు ఎస్‌ఎంపీఎస్‌ (కంప్యూటరుకు కరెంటు ఇచ్చే డబ్బా) లోని ఫిల్టరు కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ మీదకు మన 230 వోల్టుల్లో సగం దాకా అతి కొద్ది కరెంటుతో వచ్చి నిలుస్తుంది. దానికి తోడు చక్రాల కుర్చీ మీది నైలాన్ బట్ట రాపిడితో పుట్టే స్థిర విద్యుత్తు, అది లేచినప్పుడు వదిలే చిన్న మెరుపు, పోవడానికి నేల దారి లేక యూఎస్‌బీ కేబుళ్ల తొడుగుల మీదుగా పారుతోంది. ఎర్తు వైరు బిగించిన తరువాత ఆ శబ్దం మళ్లీ రాలేదు.

మీ ఇంట్లో టెస్టరుతో క్యాబినెట్‌ను ముట్టి చూడండి. వెలిగితే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్టు దగ్గర న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజి కొలిపించండి. రెండు మూడు వోల్టులకు మించి ఉంటే సందేహించాలి. సొంత ఇల్లయితే ఎర్తు గుంటకు చివరిసారి నీళ్లు పోసింది ఎప్పుడో గుర్తు చేసుకోండి. వేసవిలో మన దగ్గర ఆ గుంటలు ఎండి బీటలు వారతాయి, అప్పుడు వైరు ఉన్నా లేనట్టే. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటరు కొట్టగలదు.

ఇవన్నీ ఒకే సాయంత్రం ఒకేసారి మార్చేయవద్దని నా మనవి. మౌస్ రిసీవరుకు ఎక్స్‌టెన్షన్ వేసి ఒక రోజు చూడండి. మర్నాడు ఆడియో ఇంటర్‌ఫేస్‌ను వెనక పోర్టుకు, దానితో వచ్చిన పొట్టి కేబుల్‌తోనే మార్చండి. యూఎస్‌బీ 2.0 కేబుల్ అయిదు మీటర్లకు మించకూడదన్నది ప్రమాణం, కానీ నాసి కేబుల్ రెండు మీటర్లకే చేతులెత్తేస్తుంది. ఆ తరువాతే కెమెరా, ఆ తరువాత బయోస్. యంత్రం మొత్తం ఆగుతోందని పైన చెప్పిన గమనికలో తేలితే మాత్రం బయోస్‌తోనే మొదలుపెట్టండి.

అన్నీ చేసి కూడా చిటపట మిగిలితే, విండోస్‌దా హార్డ్‌వేర్‌దా అని తేల్చుకోవడానికి ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్ మీద వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అనే మార్గంలో బూట్ చేసి, అవే పోర్టుల్లో అవే పరికరాలతో ఒక గంట రికార్డు చేయండి. అక్కడ కూడా వస్తే ఇక విండోస్ డ్రైవర్లను తిట్టుకోవాల్సిన పని లేదు. టెర్మినల్‌లో సుడో డీమెసేజ్ (sudo dmesg) అనే కమాండు నడిపితే పరికరం ఎన్నిసార్లు రీసెట్ అయిందో, ఎన్నిసార్లు తెగిందో వరుసగా రాసి ఉంటుంది. ఆ వరుసలు కనిపిస్తే, ఫొటో తీసి పంపండి, ఏ పోర్టు అన్నది చూసి చెబుతాను.

ఆ దశ దాకా వస్తే మదర్‌బోర్డు స్లాటులో పెట్టే, సొంత కంట్రోలరు ఉన్న పీసీఐఈ యూఎస్‌బీ కార్డు ఒకటి కొని, ఆడియో ఇంటర్‌ఫేస్‌ను దానికి మాత్రమే అంకితం చేయడం మిగిలి ఉంటుంది. బోర్డు మీది కంట్రోలర్లతో, ముందు పోర్టుల కేబుల్‌తో దానికి సంబంధం ఉండదు కాబట్టి చాలా మొండి కేసుల్లో అది పనిచేసింది. కొనేటప్పుడు ఎస్‌ఎంపీఎస్ నుంచి విడిగా కరెంటు తీసుకునే సాటా కనెక్టరు ఉన్న కార్డునే అడగండి, పనిచేయకపోతే వాపసు తీసుకుంటానని దుకాణదారు బిల్లు మీద రాసిస్తేనే డబ్బు ఇవ్వండి.